వెనక్కి తీసుకున్న వెలుగు

మా టీచరుగారు పోయారన్న కబురు నాకు ఆఫీసు బ్రేక్‌రూమ్‌లో తెలిసింది. మైక్రోవేవ్‌లో అన్నం డబ్బా తిరుగుతోంది. ఫోన్ మోగింది. తెలియని నంబరే కానీ కాలిఫోర్నియాది కాబట్టి తీశాను.

"హలో, మీరు ఆంటీ స్టూడెంటేనా అండి? నేను ఫ్రీమాంట్ నుంచి. ఆంటీ వాళ్ళ పక్కిల్లు మాది. మీ నంబర్ ఫ్రిజ్ మీద రాసి ఉంటే చూసి చేస్తున్నా. ఆంటీ మార్నింగ్ పోయారండి. నిద్రలోనే."

ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతోంది. మైక్రోవేవ్ ఆగి కూతపెట్టింది. నా వెనక డబ్బా పట్టుకుని నిలబడ్డ సహోద్యోగి నా మొహం చూసి ఏమైందని అడిగాడు. మా పీహెచ్‌డీ గైడ్ పోయారన్నాను. "అయ్యో సారీ, బాగా క్లోజా?" అన్నాడు. అవునన్నాను. మా ఆయనకి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని, సాయంత్రం మాట్లాడదామని మెల్లగా చెప్పి పెట్టేశాడు. ఇంకెవరికి చెప్పాలా అని ఫోన్‌లో పేర్లన్నీ చూశాను. టెక్సాస్‌లో నేనుండే ప్లేనోలో నాకు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ ఆమెను చూడలేదు. ఆమెనూ ఆమె పనినీ ఎరిగినవాళ్ళలో నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు.

అందుకే మీకు చెబుతున్నాను. ఆమె పరిశోధన పేపర్ల గురించి ఇంగ్లీషులో ఎవరో ఒకరు రాస్తారు. నేను ఎరిగిన మనిషి గురించి రాయడానికి నాకీ భాషే ఉంది.

టీచరుగారిది కాకినాడ. పెళ్ళయ్యాక భర్తతో అమెరికా వచ్చి, ఇక్కడే ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశారు. ఆయన కొన్నేళ్ళకే గుండెజబ్బుతో పోయారు. పిల్లల్లేరు. ఆమె పని సూర్యుడి మీద. సరిగ్గా చెప్పాలంటే సూర్యుడి చుట్టూ ఉండే కరోనా మీద. సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు నల్లని బింబం చుట్టూ తెల్లగా విచ్చుకుని కనిపిస్తుందే, అది. అక్కడ ఉన్నది విపరీతంగా కాగిన ప్లాస్మా. అంత వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అది ఎక్స్‌రేలలో వెలుగుతుంది. ఆ ఎక్స్‌రేలు మన గాలిని దాటి నేల దాకా రావు. వాటిని చూడాలంటే టెలిస్కోపును రాకెట్‌లోనో ఉపగ్రహంలోనో పైకి పంపాలి.

నేను ఖమ్మం నుంచి వెళ్ళి ఆమె దగ్గర చేరిన రోజు, కుర్చీ చూపించకుండానే కంప్యూటర్‌లో ఒక బొమ్మ తెరిచి చూపించారు.

"ఏం కనిపిస్తోంది?"

"సూర్యుడండి."

"ఎలా ఉన్నాడు?"

బింబమంతా నల్లగా ఉంది. దాని మీద, అంచుల చుట్టూ, వెలిగే తీగలు ఉంగరాలు తిరిగి ఉన్నాయి. నల్లగా ఉన్నాడన్నాను.

"మనకి కళ్ళు చెదిరేలా కనిపించేది ఆ నల్లటి భాగమే. ఆరువేల డిగ్రీలు ఉంటుంది. ఎక్స్‌రేలు ఇవ్వడానికి ఆ వేడి చాలదు. పైనున్న ఈ తీగలు మాత్రం పది లక్షల డిగ్రీలు, ఇరవై లక్షలు. పొయ్యి దగ్గర నించి దూరం జరిగేకొద్దీ ఒళ్ళు చల్లబడాలి కదా? ఇక్కడ ఇంకా కాలుతోంది. ఎందుకో చెప్పు."

"తెలీదండి."

"నాకూ తెలీదు. కూర్చో."

ఏమని పిలవాలో కూడా ఆ రోజే తేలింది. ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు, నువ్వూ అలాగే పిలు అన్నారు. నాకు నోరు రాదన్నాను. మేడమ్ అంటే ఊరుకోనన్నారు. "మీ ఊళ్ళో పాఠం చెప్పేవాళ్ళని ఏమంటారు?" "టీచర్‌గారు అంటామండి." ఆమె, "ఆ మాట విని ఎన్నాళ్ళయిందో" అన్నారు. అదే ఖాయమైంది. లాబ్‌లో మిగతా విద్యార్థులు అది ఆమె ఇంటిపేరు అనుకునేవారు.

ఆమె ఫ్రీమాంట్‌లో ఉండేవారు. రోజూ ట్రైన్‌లో లాబ్‌కి వచ్చేవారు. కారు నడపడం వచ్చినా, ట్రైన్‌లో అయితే మనుషుల మాటలు వినబడతాయి అనేవారు. మధ్యాహ్నం పెరుగన్నం, ఊరమిరపకాయ. ఊరమిరపకాయ కొరికినప్పుడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే లెక్కలు దిద్దేవారు. ఒకసారి ఆమెతోపాటు వాళ్ళింటికి వెళ్ళాను. తాళం తీస్తుంటే లోపల ఎవరో తెలుగులో మాట్లాడుతున్నారు. చుట్టాలొచ్చారేమో అనుకున్నాను. వంటింటి గట్టు మీద రేడియో. పొద్దున వెళ్ళేటప్పుడు ఆపడం మర్చిపోయారా అని అడిగాను.

"ఆపను. తలుపు తీసేసరికి ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి."

ఆ మాట మామూలుగానే అని, కాఫీ పెట్టడానికి వెళ్ళారు.

తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పూజలకీ భోజనాలకీ పిలిస్తే మానేవారు కాదు. గిన్నెడు పులిహోర చేసుకుని వెళ్ళేవారు. పిల్లలు ఆమెను "సన్ ఆంటీ" అనేవారు. సూర్యుడిలో ఎన్ని భూములు పడతాయని అడిగి, జవాబు వినకుండానే పరిగెత్తేవారు. ఒక వినాయక చవితి భోజనంలో నేనూ పక్కనే ఉన్నాను. ఒకాయన ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మీరు ఏ కంపెనీ అండి?"

"కంపెనీ కాదండి, రీసెర్చి. సూర్యుడి మీద."

"ఓ, సోలార్ ప్యానెల్సా! మేం కూడా ఇంటికి వేయిద్దామని చూస్తున్నామండి. సౌత్ ఫేసింగ్ అయితేనే బెటర్ అంటారా?"

"వేయించుకోండి, బావుంటాయి" అన్నారు టీచరుగారు, ఎంతో మర్యాదగా.

తిరిగి వస్తుంటే కార్లో ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "అడిగితే ఎలా చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నానే. మొదట పొయ్యి గురించి చెప్పాలి, తర్వాత తీగల గురించి. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు."

కరోనా ఎందుకంత వేడిగా ఉందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చెప్పే జవాబుల్లో ఒకటి ఆమెకు పీహెచ్‌డీ రోజుల నుంచీ ఇష్టం. సూర్యుడి మీద మన కంటికి ఆనని చిన్న చిన్న పేలుళ్ళు నిరంతరం జరుగుతుంటాయని, అవే కరోనాను కాగబెడుతున్నాయని. అదే నిజమైతే, పైకి ఏమీ జరగనట్టు ప్రశాంతంగా కనిపించే చోట కూడా కోటి డిగ్రీల దాకా కాగిన ప్లాస్మా కొంచెమైనా ఉండాలి. దాని వెలుగు ఎంత మసకగా ఉంటుందంటే పక్కనున్న వెలుగుల్లో కలిసిపోతుంది. దాన్ని పట్టుకోవడానికే ఆమె ఒక టెలిస్కోపు తయారుచేశారు. నేను చేరేసరికి అది రాకెట్ ఎక్కడానికి సిద్ధంగా ఉంది.

న్యూమెక్సికో ఎడారిలో పట్టపగలు ఆ రాకెట్ వెళ్ళింది. అది గాలిని దాటి పైన ఉండేది కొన్ని నిమిషాలే. తర్వాత కిందికి జారి, పారాచూట్ మీద ఇసుకలో దిగుతుంది. ఏళ్ళ పని అంతా ఆ నిమిషాల కోసం. ఆమె తెర వైపు చూస్తూ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. బొమ్మలు రావడం మొదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం, "తొందరపడి సంతోషించకు. ముందు మన అద్దాన్ని అనుమానించు, తర్వాత సూర్యుణ్ణి" అన్నారు. మా అందరికీ ఎప్పుడూ చెప్పే మాటే.

కొన్ని వారాల తర్వాత, ప్రశాంతంగా ఉన్న ఒక మూల మసక వెలుగు కనబడింది. కోటి డిగ్రీల ప్లాస్మా ఇచ్చే రకం ఎక్స్‌రేలే. అన్ని విధాలా లెక్కలు వేసుకున్నాం. పక్కనుంచి దొంగచాటుగా వచ్చిన వెలుగు కాదని లెక్కల్లో తేలింది. పేపరు అచ్చయింది. ఎక్కడెక్కడి నుంచో ఉపన్యాసాలకు పిలిచారు. ఆమె బొబ్బట్లు చేసి లాబ్‌లో అందరికీ పంచారు. ఆ ఏడాది ఆమె నడక కూడా మారింది. కారిడార్‌లో అడుగుల చప్పుడు వింటేనే తెలిసేది.

ఆ వెలుగు మీదే నా థీసిస్ చేయమన్నారు. రాకెట్ పైన ఉన్నప్పుడు టెలిస్కోపును మధ్యలో ఒకసారి కొంచెం పక్కకు తిప్పాం. అలా తిప్పితే బొమ్మలో సూర్యుడి మీదున్నవన్నీ ఒకే తీరున జరగాలి. తీగలన్నీ జరిగాయి. ఆ మసక వెలుగు మాత్రం వాటితో కలిసి జరగలేదు. తప్పు నాదే అనుకుని మళ్ళీ మళ్ళీ చేశాను. అదే వచ్చింది. దాని ఆకారాన్ని విడదీసి చూస్తే విసనకర్రలా చారలున్నాయి. చారలన్నీ బొమ్మకు బయట ఒకే చోటు వైపు చూపిస్తున్నాయి. ఆ రోజు సూర్యుడి మీద అక్కడ, మా బొమ్మలో పడనంత దూరంలో, బాగా వేడెక్కిన ప్రాంతం ఒకటి ఉంది.

ఎక్స్‌రేలు మామూలు అద్దం మీద పడితే అందులోనే ఇంకిపోతాయి. అందుకే గొట్టంలాంటి అద్దాలు చేసి, లోపలి గోడను రాసుకుంటూ పోయేలా వాటిని మళ్ళిస్తారు. ముందొకసారి, వెనకొకసారి, రెండుసార్లు తాకితేనే బొమ్మ కుదురుతుంది. పక్కనుంచి వచ్చిన కిరణం ఒక్కసారే తాకి జారిపోయి, బొమ్మలో ఎక్కడో పడవచ్చు. అక్కడ లేని వెలుగు అక్కడ ఉన్నట్టు కనబడుతుంది.

మధ్యాహ్నం ఆమె గదికి వెళ్ళాను. కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. నాదే తప్పు అయ్యుండొచ్చు, టీచరుగారూ."

"నీ తప్పయితే చారలు అంత తిన్నగా ఉండవు." కాగితాలు సర్ది పక్కన పెట్టారు. "తిన్నావా?"

"లేదండి."

"వెళ్ళి తిను. నేను దీంతో కాసేపు కూర్చుంటాను."

తలుపు దగ్గరగా వేసి వచ్చాను. సాయంత్రం దాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు వచ్చీ రాగానే ఆమె చేసిన పని, ఎడారిలో దిగిన టెలిస్కోపును పెట్టెలోంచి తీయించడం. దాన్ని పొడవాటి గొట్టంలో బిగించి, ఎదురుగా ఎక్స్‌రే దీపం పెట్టి, అద్దాన్ని కొంచెం కొంచెంగా పక్కకు వంచుతూ చూశాం. ఒకచోట తెర మీద విసనకర్ర విచ్చుకుంది. అవే చారలు. మా లెక్కల్లో ఆ దారి మూసుకుని ఉందనుకున్నాం. అసలు అద్దంలో సన్నని సందు ఉంది. టీచరుగారు తెర దగ్గరికి వెళ్ళి, ఒంగి చూసి, "ఎంత బావుందో చూడు" అన్నారు. నిజంగానే బావుంది. నాకు ఏడుపొచ్చింది.

మాతో పనిచేసే ఒక అమెరికన్ ప్రొఫెసర్, మంచివాడు, ఆమె మేలు కోరేవాడు, ఆమెను పక్కకు పిలిచి మాట్లాడాడు. తర్వాతి రాకెట్ కోసం మేం పంపిన ప్రపోజల్ అప్పుడు పరిశీలనలో ఉంది. ఇంకెవరూ ఈ తప్పు పట్టలేదు, ఫలితం వచ్చేదాకా ఆగితే ఏం పోయింది, కొత్త టెలిస్కోపుతో మీరే సరిదిద్దవచ్చు కదా అన్నాడు. ఆమె ఒక్క మాటే అన్నారు. ఆ ప్రపోజల్ మొదటి పేజీలో ఉన్నది ఈ వెలుగే అని.

ఆ వారమే పేపరును వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాశారు. ప్రపోజల్ పంపినచోటికీ రాశారు. తర్వాత పెద్ద సమావేశంలో తనకిచ్చిన ఉపన్యాసాన్ని రద్దు చేసుకోకుండా వెళ్ళారు. హాలు నిండా జనం. అంతకుముందు ఏడాది ఆమెకు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళే. మొదట పాత బొమ్మ చూపించారు. "ఇది కోటి డిగ్రీల ప్లాస్మా అని మీకు చెప్పాను. కాదు" అన్నారు. తర్వాత విసనకర్ర బొమ్మ, అద్దం, సందు, అన్నీ వరసగా వివరించారు. చివర్లో నా పేరు చెప్పి, దీన్ని పట్టుకున్నది నా విద్యార్థిని, ప్రశ్నలేమైనా ఉంటే ఆమెను అడగండి అన్నారు. చప్పట్లు వచ్చాయి. వర్షం మొదలయ్యేముందు రేకు మీద పడే చినుకుల్లా, ఇక్కడొకటి అక్కడొకటి.

భోజనాల దగ్గర ఆమె ఒక గుండ్రటి బల్ల ముందు ఒక్కరే కూర్చుని ఉన్నారు. చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. ఎవరికీ కోపం లేదు. ఏం మాట్లాడాలో తెలియక ఎవరికివారు వేరే బల్లలు వెతుక్కుంటున్నారు. నేను ప్లేటు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ బంగాళాదుంప తిను. ఉప్పు బాగా పడింది" అన్నారు.

"టీచరుగారూ, మీకు బాధగా లేదా?"

"ఎందుకు లేదూ." చెంచా కింద పెట్టారు. "పాతికేళ్ళ పిల్లప్పటి నించీ అది అక్కడ ఉందనుకుంటూ బతికాను. ఉందేమో ఇంకా. నేను చూడలేదు, అంతే. చూడలేదని ఒప్పుకుంటే చాలనుకున్నాను గానీ, ఇదిగో, ఇప్పుడు ఇంత పెద్ద హాల్లో..." నా ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుని తిన్నారు.

తర్వాతి రాకెట్ మాకు రాలేదు. కొత్త విద్యార్థులు రావడం మానేశారు. ఆమెకు కారిడార్ చివర చిన్న గది ఇచ్చారు. నా థీసిస్ ఆ దొంగ వెలుగును ఎలా గుర్తుపట్టాలన్న దాని మీద నడిచింది. "నా పొరపాటు మీద ఇల్లు కట్టావు. పునాది గట్టిదే" అని నవ్వి సంతకం పెట్టారు. పట్టా వచ్చింది కానీ ఆ రంగంలో ఉద్యోగం దొరకలేదు. వీసా గడువు ఆగదు కదా. ప్లేనోలో ఒక కంపెనీలో డేటా పనికి చేరాను. చెబితే ఆమె ఏమంటారో అని భయపడ్డాను. "జీతం బాగా ఇస్తారా? వేళకి తిను" అన్నారు.

ఆ తర్వాత మా బంధమంతా ఆదివారం ఫోన్లే. రిటైరయ్యాక ఆమె ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక పని మొదలుపెట్టారు. అద్దాల ముందు పెట్టడానికి తేనెపట్టులాంటి జల్లెడ. ఎదురుగా వచ్చే కిరణాలను పోనిచ్చి, పక్కనుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది. దాని కొలతలు ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేవారు. అడిగినవాళ్ళు తక్కువ. వీధి చివరిదాకా నడిచి వచ్చానని, పక్కింటి పాప తెలుగు పద్యం తప్పులతో చదివిందని, జల్లెడ గోడల మందం మళ్ళీ మార్చానని, అన్నీ ఒకే గొంతుతో చెప్పేవారు. ఆమెకు ఆ వారంలో నాతో కాక ఇంకెవరితోనైనా ఇంతసేపు మాట్లాడే వీలు కలిగిందా అని నాకు అనుమానం వచ్చేది. అడగలేదు. నా సంగతీ అంతే కాబట్టి.

ఈ మధ్యనే ఒక కుర్ర బృందం ఆ కోటి డిగ్రీల ప్లాస్మా కోసమే, ఆ జల్లెడ పెట్టి రాకెట్ పంపింది. వాళ్ళ పేపరు వచ్చేసరికి ఆమె మంచం పట్టి ఉన్నారు. ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఎంత ఉందన్నారు?"

"మీరు అప్పుడు చెప్పినదాంట్లో చాలా చిన్న వంతు టీచరుగారూ. కానీ ఉందట. అన్నివిధాలా చూసుకున్నారట, అద్దంతో సహా."



"ఉందా?"

"ఉందండి."

"ఇంకోసారి చదువు, మెల్లిగా."

మెల్లిగా చదివాను. మూడో వాక్యం దగ్గర ఆమె నిద్రపోయారు. నేను చివరిదాకా చదివి, అప్పుడు పెట్టేశాను. అదే ఆఖరి ఫోను.

అంత్యక్రియలకు ఫ్లైటెక్కి వెళ్ళాను. ఫ్యూనరల్ హోమ్‌లో ఓ చిన్న గది ఇచ్చారు. పక్కింటి అమ్మాయి, భర్త, వాళ్ళ పాప. ఆ అమెరికన్ ప్రొఫెసర్, ఇప్పుడు బాగా ముసలివాడైపోయాడు. పులిహోర భోజనాల్లో చూసిన ఇద్దరు ఆడవాళ్ళు. రోజూ ట్రైన్‌లో ఆమె పక్కన కూర్చునేదాన్నని చెప్పిన ఒక చైనీస్ పెద్దావిడ. పంతులుగారు మంత్రాలు చదివి, దగ్గరివాళ్ళెవరైనా ఉంటే ముందుకు రమ్మన్నారు. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పక్కింటి పాప వాళ్ళమ్మను గట్టిగానే అడిగింది: "అమ్మా, సన్ ఆంటీకి హూ ఇస్ ఫ్యామిలీ?" వాళ్ళమ్మ నా వైపు చూసింది. నేను వెళ్ళి నిలబడ్డాను.

అంతా అయ్యాక బయట పార్కింగ్ లాట్‌లోకి వచ్చాం. ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఎవరి కారు దగ్గరికి వాళ్ళం వెళ్ళాం. ప్రొఫెసర్ తలుపు తీసి, ఎక్కకుండా దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ట్రైన్ పెద్దావిడ తాళాలు చేతిలో పట్టుకుని ఉంది. పక్కింటి అమ్మాయి పాపను సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి, మళ్ళీ బయటికి వచ్చి నిలబడింది. నేనూ రెంటల్ కారు పక్కన నిలబడ్డాను. కార్లకీ కార్లకీ మధ్య బోలెడు ఖాళీ. ఎవరూ ఎవరినీ పలకరించలేదు. ఎవరూ ముందు బయల్దేరలేదు.